పుండు ఎండాలా, తడిగా ఉండాలా?
నీటిని పట్టి ఉంచే జెల్ కట్టుల గురించి తెలుసుకుందాం



నిమ్మనపల్లె చుట్టుపక్కల పల్లెల నుండి మా డ్రెస్సింగు గదికి వచ్చేవారిలో రకరకాల వాళ్ళు ఉంటారు. టమోటా తోటలో కాలికి ముల్లు విరిగినవారు, మోటారు సైకిల్ సైలెన్సర్ తగిలి పిక్క కాలినవారు, చాలా కాలం మంచం పట్టి వీపు మీద పుండు పడినవారు, షుగర్ వ్యాధితో అరికాలు పుండైనవారు. జబ్బు ఏదైనా అందరూ అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే. "పుండు ఎప్పుడు ఎండుతుంది సిస్టర్?"

కొన్నేళ్ళ క్రితం ఒక అవ్వ కోడలిని వెంటబెట్టుకొని వచ్చింది. అరికాలిలో రూపాయి బిళ్ళంత పుండు. దాన్ని శుభ్రం చేసి, పైన జెల్ ఉన్న కట్టు వేయబోతుంటే ఆమె కాలు వెనక్కి లాక్కొంది. "ఏందమ్మా ఇది! పది దినాలుగా నేను ఎండబెట్టుకుంటా ఉంటే, నువ్వు మళ్ళా తడి పెడతా ఉండావే!" అంది. పక్కన కూర్చున్న వాళ్ళందరూ నవ్వారు. నాకు మాత్రం ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న అనిపించింది. ఆ రోజు రెండు ముక్కల్లో చెప్పిన జవాబును ఈ వ్యాసంలో వివరంగా చెబుతాను.

ఎండితే మానినట్టేనా?

పుండు ఎండితే మానినట్టే అని మన పెద్దలు అనుకొనేవారు. వాళ్ళే కాదు, ఆసుపత్రుల్లో మేమూ అలాగే అనుకొన్నాం. నేను నర్సింగు డిప్లొమా చదివే రోజుల్లో వీపు పుండ్లకు దీపపు వేడి పట్టేవాళ్ళం. పొడి గాజుగుడ్డ వేసి, మరునాడు అది పుండుకు అంటుకుపోతే లాగి తీసేవాళ్ళం. రోగి కేక పెట్టేవాడు, పుండులో రక్తం చిమ్మేది. "రక్తం వస్తే మంచిదే, పుండు శుభ్రమైంది" అని ఒకరికొకరం చెప్పుకొనేవాళ్ళం. ఆ గుడ్డతోపాటు అప్పుడప్పుడే పుట్టిన కొత్త చర్మాన్ని కూడా పీకేస్తున్నామని మాకు తెలియదు. ఆ రోజుల్లో నా చేతి కింద నొప్పి పడిన వారందరినీ తలచుకొంటే ఈనాటికీ బాధ కలుగుతుంది.

నిజానికి ఈ విషయం శాస్త్రవేత్తలకు అంతకు చాలా ముందే తెలిసింది. 1962లో ఇంగ్లాండుకు చెందిన జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన ప్రకటించారు. పంది చర్మం చాలా విషయాల్లో మనిషి చర్మాన్ని పోలి ఉంటుంది. ఆయన పందుల వీపు మీద లోతులేని చిన్న గాయాలు చేసి, కొన్నింటిని గాలికి ఎండనిచ్చారు. కొన్నింటిని పలుచటి పాలిథీన్ పొరతో కప్పి తడి ఆరకుండా ఉంచారు. కప్పి ఉంచిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకొంది. మరుసటి సంవత్సరం, 1963లో, మనుషుల మీద చేసిన పరిశీలనలోనూ ఇలాంటి ఫలితమే కనబడింది.

కారణం సులువుగానే అర్థమవుతుంది. గాయం అంచుల నుండి కొత్త చర్మ కణాలు మధ్యకు పాకుతూ రావాలి. తడిగా ఉన్న చోట అవి సాఫీగా పాకుతాయి. గాయం ఎండి పైన గట్టిగా పెచ్చు కడితే, ఆ పెచ్చు కింద తడి ఉన్న చోటును వెదుక్కొంటూ అవి లోపలికి దిగి దారి చేసుకోవాలి. ఎండిన మడిలో నారు వేళ్ళు దిగనట్టే ఇదీ. పైగా పుండు నుండి ఊరే పలుచటి రసిలో క్రిములతో పోరాడే తెల్లకణాలు ఉంటాయి. కొత్త కండ పెరగడానికి శరీరం పంపే పదార్థాలూ దానిలోనే ఉంటాయి. పుండును ఎండబెట్టితే వీటన్నింటినీ ఎండబెట్టినట్టే.

తడి వేరు, చిత్తడి వేరు

అయితే పుండు ఎంత తడిగా ఉంటే అంత మంచిదని ఎవరూ అనుకోవద్దు. బట్టలు చాలాసేపు ఉతికిన తరువాత మన వేళ్ళ చివరలు తెల్లగా ముడతలు పడతాయి గదా. రసి ఎక్కువగా కారే పుండు చుట్టూ చర్మం కూడా అలాగే తెల్లగా నాని, మెత్తబడి, చిట్లిపోతుంది. అప్పుడు పుండు వెడల్పవుతుంది. చాలాకాలంగా మానని పుండ్ల రసిలో కొత్త కండను కరిగించే పదార్థాలు అవసరానికి మించి ఉంటాయి. అందువల్ల అది అక్కడే నిలిచిపోకూడదు.

కాబట్టి మంచి కట్టు ఒకేసారి రెండు పనులు చేయాలి. ఎక్కువైన రసిని పీల్చుకోవాలి, అయినా పుండును ఎండిపోనివ్వకూడదు. దూది, గాజుగుడ్డ ఈ రెండు పనులూ కలిపి చేయలేవు. వాటిలో నీరు పోగుల సందుల్లో మాత్రమే నిలుస్తుంది. కాలు మోపితే ఆ నీరు తిరిగి పుండు మీదికే వస్తుంది. రసి తగ్గితే గుడ్డ ఎండి పుండును పట్టేసుకొంటుంది. నీటిని తన లోపలే కట్టిపడేసే పదార్థం కావాలి. అదే హైడ్రోజెల్. హైడ్రో అంటే నీరు. నీటిని నింపుకొన్న జెల్ అన్నమాట.

సబ్జా గింజ చెప్పే పాఠం

హైడ్రోజెల్ అంటే మనకు తెలియని వస్తువేమీ కాదు. ఎండాకాలం షర్బతులో వేసే సబ్జా గింజలను గుర్తు తెచ్చుకోండి. నల్లని చిన్న గింజను నీటిలో వేస్తే కొద్ది నిమిషాల్లో చుట్టూ తెల్లని జిగురు పొర ఉబ్బుతుంది. గ్లాసును వంచినా ఆ పొరలోని నీరు విడిగా కారిపోదు. అలాగని ఆ పొర నీటిలో కరిగిపోదు కూడా. తాటి ముంజ, కలబంద గుజ్జు కూడా ఇలాంటివే.

లోపల ఏం జరుగుతుందో చెప్పడానికి మన మదనపల్లె నీరుగట్టువారిపల్లెలోని మగ్గాన్ని ఉదాహరణగా తీసుకుందాం. మగ్గం మీద పడుగు పోగులు మాత్రమే ఉంటే అది చీర కాదు. పేక వచ్చి వాటిని కట్టిపడేస్తేనే బట్ట నిలుస్తుంది. హైడ్రోజెల్‌లో కూడా నీటిని ఇష్టపడే పొడవాటి అణువుల గొలుసులు ఉంటాయి. వాటిని అక్కడక్కడా ముడివేస్తే వల తయారవుతుంది. ముడులు లేకపోతే గొలుసులు గంజిలాగా నీటిలో కలిసిపోతాయి. ముడులు మరీ ఎక్కువైతే వల బిగిసిపోయి నీరు పట్టదు. ఎన్ని ముడులు వేయాలో తేల్చడమే ఈ పదార్థాలు తయారుచేసేవారి అసలు పని.

నీటిని బాగా పీల్చే రకాల్లో ఆ గొలుసులకు విద్యుదావేశం కూడా ఉంటుంది. ఒకే రకం ఆవేశం ఉన్నవి ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకొంటాయి. అందువల్ల వల విచ్చుకొంటుంది. ఊరగాయ జాడీలో ఉప్పు మామిడి ముక్కల్లోని నీటిని బయటికి లాగినట్టే, జెల్ లోపలి లవణ కణాలు బయటి నీటిని లోపలికి లాగుతాయి. చిన్నపిల్లల డయపర్లలో ఉండే తెల్లని పలుకులు ఇవే. మంచినీటిలో ఇవి తమ బరువుకు 300 రెట్లకు పైగా నీటిని పట్టగలవు.

ఇంట్లో పెద్దలు దగ్గరుండి పిల్లలకు ఈ ప్రయోగం చూపించవచ్చు. కొత్త డయపరు ఒకటి కత్తిరించి, ఆ పలుకులు కొన్ని గ్లాసు నీటిలో వేయండి. ముద్దగా ఉబ్బుతాయి. ఇప్పుడు చెంచాడు ఉప్పు వేసి కలపండి. జెల్ కుంచించుకుపోయి నీరు బయటికి వచ్చేస్తుంది. బయటి నీరు ఉప్పగా ఉంటే లోపలికి లాగే బలం తగ్గిపోతుంది. పుండు నుండి కారే రసి కూడా ఉప్పునీరే. లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిపిన సెలైన్‌లాగా ఉంటుంది. అందులో ఇదే పదార్థం 30 నుండి 60 రెట్ల వరకే పట్టుతుంది. కనుక "ఇన్ని వందల రెట్లు పీలుస్తుంది" అనే ప్రకటన చూసినప్పుడు, ఏ నీటిలో అని అడగాలి. (ప్రయోగం అయ్యాక ఆ పలుకులను పిల్లలు నోట్లో పెట్టుకోకుండా, కాలువలో పోయకుండా చెత్తబుట్టలో వేయండి.)

కంటి అద్దాలు, పొలాలు, తరువాత పుండ్లు

మనిషి శరీరానికి తగిన హైడ్రోజెల్‌ను మొదట ఆలోచించినవారు చెకోస్లొవేకియా దేశానికి చెందిన ఒట్టో విఖ్టర్లే, ద్రహోస్లావ్ లిమ్. వారి పరిశోధన 1960లో ప్రకటితమైంది. 1961 క్రిస్మస్ సమయంలో విఖ్టర్లే తన ఇంట్లోనే, పిల్లలు ఆడుకొనే బొమ్మల సెట్టు ముక్కలతో, సైకిల్ డైనమోతో ఒక చిన్న యంత్రం తయారుచేసి, దానిమీద మొదటి మెత్తటి కాంటాక్టు లెన్సులు చేశారు. ఈనాడు కోట్లమంది కళ్ళలో పెట్టుకొనే లెన్సులకు అది మొదలు.

నీటిని బాగా పీల్చే రకం మాత్రం పొలం నుండి వచ్చింది. అమెరికా వ్యవసాయ శాఖ వారి పియోరియా ప్రయోగశాలలో మొక్కజొన్న పిండితో తయారుచేసిన పదార్థం 1970లలో పేరు పొందింది. నేలలో తేమ నిలపడానికి, విత్తనాలకు పూయడానికి దాన్ని వాడారు. మన దేశంలో న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వారు మెట్ట భూముల కోసం 'పూసా హైడ్రోజెల్' తెచ్చారు. వేరుకు తడి అందించే పదార్థమే పుండుకూ పనికివస్తుందన్న ఆలోచన మన రాయలసీమలోనే ఎలా నడిచిందో చూడండి.

మన పొరుగున అనంతపురంలో

వానలు అతి తక్కువగా పడే ప్రాంతాల్లో అనంతపురం ఒకటని మనందరికీ తెలుసు. అక్కడి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో పాలిమర్ శాస్త్ర విభాగం ఉంది. ఆచార్య కె. మోహన రాజు గారు, వారి విద్యార్థులు ఆ విభాగంలో చాలాకాలం హైడ్రోజెల్‌ల మీద పనిచేశారు. 2001లో వారు ప్రకటించిన పరిశోధన వ్యవసాయానికి, తోటలకు ఉపయోగపడే నీటిని పీల్చే పాలిమర్‌ల గురించినది. కరువు నేలలో ఉన్నవారు నీటిని పట్టి ఉంచే పదార్థం గురించి ఆలోచించడం సహజమే గదా.

తరువాత వారి దృష్టి క్రిముల మీదికి, పుండ్ల మీదికి మళ్ళింది. హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థకు చెందిన బి. శ్రీధర్ గారు కూడా ఈ పనుల్లో కొన్నింటిలో పాలుపంచుకొన్నారు. 2007లో అకేషియా బంకతో, అంటే తుమ్మ జాతి చెట్ల నుండి కారే బంకతో, వెండి సూక్ష్మ రేణువులను ఒకదానికొకటి అంటుకోకుండా నిలిపే పద్ధతిని ప్రకటించారు. 2010లో రొయ్యల, పీతల పెంకుల నుండి తీసే కైటోసాన్‌తో సన్నని రంధ్రాలున్న పొరలు చేసి, వాటిలో వెండిని నింపారు. 2011లో హైడ్రోజెల్, వెండి రేణువులు, పసుపులోని కర్కుమిన్ మూడింటినీ కలిపి, పుండ్ల కట్టుకు పనికివచ్చే పదార్థంగా ప్రకటించారు.

ఆ పద్ధతి సంక్షిప్తంగా ఇది. తయారైన జెల్‌ను నీటిలో ఉబ్బించి, వెండి లవణం కలిపిన నీటిలో నానబెడతారు. వెండి అయాన్లు వలలోని సందుల్లోకి చేరుకొంటాయి. తరువాత మరొక రసాయనంలో ముంచితే అవి అక్కడికక్కడే వెండి రేణువులుగా మారతాయి. ఒక్కొక్క రేణువు వెంట్రుక మందంలో వెయ్యో వంతుకన్నా చిన్నది. వల సందులు వాటిని విడివిడిగా పట్టి ఉంచుతాయి. రేణువు ఎంత చిన్నదైతే దాని ఉపరితలం అంత ఎక్కువ, క్రిముల మీద పని అంత బాగా జరుగుతుంది. ఇక కర్కుమిన్ సంగతి. పసుపు పెడితే పుండు మానుతుందని మన ఇళ్ళలో నమ్మకం. కర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు. అందువల్ల దాన్ని పుండుకు కొంచెం కొంచెంగా అందించడానికి మోసుకొనిపోయేది ఒకటి కావాలి. జెల్ ఆ పని చేస్తుంది.

ఇది చదివి ఎవరూ వంటింటి పసుపు తెచ్చి పుండులో నింపవద్దని మనవి చేస్తున్నాను. శుద్ధిచేసిన కర్కుమిన్ వేరు, డబ్బాలోని పసుపు పొడి వేరు. ఆ పొడిలో క్రిములు, దుమ్ము ఉండవచ్చు. పైగా పొడి పుండులో గట్టిపడి, లోపల చీము పట్టినా కనబడనివ్వదు.

ప్రయోగశాల నుండి మంచం దాకా

అనంతపురం వారి పత్రాలు ఒక మంచి పదార్థం గురించి, గాజు పళ్ళెంలో అది క్రిములను ఎలా అణిచిందో చెబుతాయి. అక్కడి నుండి రోగి మంచం దాకా రావడానికి దారి పొడవైనది. మొదట ఆ పదార్థం మన కణాలకు హాని చేయదని తేలాలి. జెల్ తయారీలో వాడే అక్రిలమైడ్ అనే రసాయనం విషపూరితం. అది గొలుసుగా మారాక ప్రమాదం దాదాపు ఉండదుగాని, మారకుండా మిగిలినదాన్ని పూర్తిగా కడిగి తీసేయాలి. తరువాత జెల్ చెడిపోకుండా దాన్ని క్రిమిరహితం చేయగలగాలి. నీటితో నిండిన వస్తువును పొడి గాజుగుడ్డలాగా వేడిచేసి ఊరుకోలేం. జంతువుల మీద, ఆపై మనుషుల మీద పరీక్షలు జరగాలి. 2017 వైద్య పరికరాల నియమాల ప్రకారం అనుమతి పొందాలి. ఎప్పుడు తయారుచేసినా ఒకే నాణ్యత రావాలి, ధర పేదవారికి అందాలి.

ఈ దారిలో చివరిదాకా నడిచిన ఉదాహరణ ఒకటి మన దేశంలోనే ఉంది. ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం వారు పాలివినైల్ ఆల్కహాల్ అనే పదార్థాన్ని నీటిలో కలిపి, పలకలుగా పోసి, సంచిలో మూసి, దాని మీద రేడియేషన్ ప్రసరింపజేసే పద్ధతిని రూపొందించారు. ఆ కిరణాలు అణువుల గొలుసుల మధ్య ముడులు వేస్తాయి, అదే సమయంలో క్రిములను చంపుతాయి. ముడివేయడానికి వేరే రసాయనం అక్కరలేదు. మూసిన సంచి తెరిచేదాకా లోపలి పలక శుభ్రంగా ఉంటుంది. కాలిన గాయాలకు, మానని పుండ్లకు ఉద్దేశించిన ఈ పద్ధతిని ఆ కేంద్రం వారు తయారీ సంస్థలకు అందజేశారు. ఇలాంటి పద్ధతినే పోలండ్ దేశపు శాస్త్రవేత్త రోసియాక్ గారు ముందు చేసి చూపించారు. రేడియేషన్ అనగానే భయపడనవసరం లేదు. ఆ పలకలో రేడియేషన్ ఏమీ మిగిలి ఉండదు. మనం వాడే సిరంజీలు, ఆపరేషను దారాలు కూడా చాలావరకు ఇలాగే శుద్ధి అవుతాయి.

ఏ పుండుకు ఏ కట్టు?

మందుల షాపులో "పుండుకు జెల్ ఇవ్వండి" అని అడిగి తెచ్చుకొనేవారు కొందరున్నారు. దీనితో మేలు కన్నా కీడు జరగవచ్చు. జెల్ కట్టుల్లో కొన్ని పుండుకు నీటిని ఇచ్చేవి, కొన్ని పుండు నుండి నీటిని తీసుకొనేవి.

ట్యూబులో వచ్చే జెల్, పలకగా వచ్చే జెల్ ముందే నీటితో నిండి ఉంటాయి. వాటి బరువులో చాలా భాగం నీరే. ఎండిన పుండుకు, పసుపుపచ్చని చచ్చిన పొర గట్టిగా అంటుకొని ఉన్న పుండుకు, లోతులేని చిన్న కాలిన గాయానికి ఇవి మంచివి. పొరను మెత్తబరుస్తాయి, చల్లగా ఉండి నొప్పిని తగ్గిస్తాయి, తీసేటప్పుడు అంటుకోవు. కాని రసి ధారగా కారే పుండుకు ఇదే జెల్ పెడితే, నిండిన కుండలో ఇంకా నీరు పోసినట్టే అవుతుంది.

రసి ఎక్కువగా ఉన్న పుండ్లకు పొడిగా వచ్చి, పుండు మీదనే జెల్‌గా మారే కట్టులు ఉన్నాయి. ఆల్జినేట్ అనేది సముద్రపు నాచు నుండి తీసినది. రామేశ్వరం, మండపం తీరంలో మత్స్యకార స్త్రీలు సేకరించే నాచులో కొంత ఇలాంటి పదార్థాల తయారీకే వెళ్తుంది. ఆల్జినేట్ పోగుల్లో కాల్షియం ఉంటుంది. పుండు రసిలోని సోడియం వచ్చి కాల్షియం స్థానంలో చేరగానే పోగు ఉబ్బి జెల్ అవుతుంది. కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ పోగుల కట్టులు కూడా రసిని పీల్చుకొని జెల్‌గా మారతాయి. ఇంకా ఎక్కువ కారితే డయపరులో ఉండే రకం పలుకులను లోపల కుట్టిన మెత్తలు వాడతాం. ఎండిన పుండుకు ఇవి పనికిరావు, ఉన్న తడిని కూడా లాగేస్తాయి.

ఒక ముఖ్యమైన మాట. ఇలాంటి కట్టు విప్పినప్పుడు లోపల పసుపుపచ్చగా, జిగటగా, కొంచెం వాసనతో ఒక ముద్ద కనబడుతుంది. చాలామంది చీము పట్టిందని హడలిపోతారు. సాధారణంగా అది రసిని పీల్చిన జెల్ మాత్రమే. సెలైన్‌తో కడిగిన తరువాత కింద పుండు ఎర్రగా, శుభ్రంగా ఉంటే భయం లేదు. కడిగిన తరువాత కూడా చెడు వాసన, చీము ఉంటే వెంటనే చూపించాలి.

ఖరీదైన కట్టే మంచి కట్టు అని కూడా అనుకోవద్దు. షుగర్ పాదాల మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం 2019 మార్గదర్శకాల్లో, కట్టును ఎంచుకొనేటప్పుడు ముఖ్యంగా మూడింటిని చూడమంది. అవి రసిని అదుపుచేయడం, రోగికి సౌకర్యం, ఖర్చు. వెండి కలిపిన కట్టులను కేవలం పుండు త్వరగా మానుతుందన్న ఆశతో షుగర్ పాదానికి వాడవద్దని కూడా చెప్పింది. 2013లో జరిగిన ఒక సమీక్షలో షుగర్ పుండ్లకు హైడ్రోజెల్ మామూలు కట్టుకన్నా మేలు చేసే సూచన కనబడిందిగాని, ఆ పరీక్షలు చిన్నవి, పూర్తిగా నమ్మదగినవి కావని తేల్చారు. పేదల కోసం వెదికినవారూ ఉన్నారు. ముంబైలో కాలిన గాయాలకు శుద్ధిచేసిన అరటాకును కట్టుగా వాడి, అది పుండుకు అంటుకోదని, తీసేటప్పుడు నొప్పి చాలా తక్కువని వైద్యులు 2003లో ప్రకటించారు. కాబట్టి పుండు ఎండకుండా, అంటుకోకుండా చూడాలన్న సూత్రం ముఖ్యం. ఖరీదైన కట్టు లేదని నిరాశ పడనక్కరలేదు. అయితే అరటాకును శుద్ధిచేయడం ఆసుపత్రి పని, తోటలో కోసిన ఆకును నేరుగా వేయకూడదు.

జెల్ చేయలేని పని

2023లో ప్రకటించిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ వ్యాధి ఉంది. వీరిలో చాలామందికి పాదాల స్పర్శ తగ్గుతుంది. చెప్పులో రాయి ఉన్నా తెలియదు. పుండు పడినా నొప్పి ఉండదు కనుక దానిమీదనే నడుస్తారు. అలాంటి పాదానికి ఎంత మంచి జెల్ వేసినా, అడుగు వేసిన ప్రతిసారీ కొత్త కండ నలిగిపోతూనే ఉంటుంది.

ఈ పాఠం మనకు వెల్లూరు నుండి వచ్చింది. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్ గారు కుష్ఠు రోగుల పాదాల పుండ్లను శ్రద్ధగా గమనించారు. ఆ పుండ్లు మానకపోవడానికి కారణం కండ చెడిపోవడం కాదని, నొప్పి తెలియక పదేపదే ఒకే చోట ఒత్తిడి పడడమని తెలుసుకొన్నారు. పాదానికి పిండికట్టు వేసి ఆ ఒత్తిడి తీసేస్తే, మానవనుకొన్న పుండ్లు మానాయి. తరువాత అమెరికాలో షుగర్ పాదాలకు కూడా అదే పద్ధతి ఉపయోగపడింది. షుగర్ పాదానికి ఈనాటికీ మొదటి మందు ఒత్తిడి తీయడమే. రెండవది రక్తంలో చక్కెర అదుపు. మూడవది పాదానికి రక్తం సరిగా అందుతోందో లేదో చూడడం. కట్టు ఈ మూడింటి తరువాతే.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి

- పుండును ఎండలో పెట్టి ఎండబెట్టవద్దు. మరిగించి చల్లార్చిన నీటితో గాని, సెలైన్‌తో గాని కడిగి, శుభ్రమైన కట్టుతో కప్పండి.
- స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుండులో పోయవద్దు. అవి క్రిములతోపాటు కొత్త కండనూ చంపుతాయి.
- కాఫీ పొడి, బూడిద, పేడ, టూత్‌పేస్టు, గాయపాకు పసరు పెట్టవద్దు.
- కట్టు అంటుకుపోతే లాగవద్దు. సెలైన్‌తో తడిపి, కొద్దిసేపు ఆగి, మెల్లగా తీయండి.
- జెల్ కట్టు అంచుల నుండి రసి బయటికి వస్తే, చెప్పిన రోజుకు ముందే మార్పించండి. చుట్టూ చర్మం తెల్లగా నానితే ఆ కట్టు ఆ పుండుకు చాలడం లేదని అర్థం.
- కట్టు ఖర్చు లెక్కవేసేటప్పుడు బస్సు ఛార్జీ, పోయిన కూలి కూడా కలపండి. రోజూ మార్చే చౌక కట్టుకన్నా, మూడు రోజులు నిలిచే కట్టు కొందరికి తక్కువ ఖర్చవుతుంది. మొహమాటపడకుండా సిస్టర్లను అడగండి.
- షుగర్ ఉన్నవారు ప్రతి రాత్రి అరికాళ్ళు చూసుకోండి. చూపు ఆనకపోతే ఇంట్లోవారు చూడండి. వట్టి కాళ్ళతో నడవవద్దు, పొలంలో కూడా.
- ఎరుపు చుట్టూ పాకడం, వాపు, జ్వరం, చెడు వాసన, నల్లబడడం, వీటిలో ఏది కనబడినా ఆ రోజే ఆసుపత్రికి రండి. మరుసటి సంత రోజు దాకా ఆగవద్దు. ఒక్క రోజు ఆలస్యం ఒక వేలును, ఒక్కొక్కసారి కాలినే తీసుకుపోతుంది.

అవ్వ సంగతి చెప్పి ముగిస్తాను. ఆమె పుండు రసి కారేది కాదు, ఎండబెట్టీ ఎండబెట్టీ అంచులు గట్టిపడినది. గట్టిపడిన ఆనెను డాక్టరు గారు చెక్కి తీశారు. కొన్ని వారాలు జెల్ కట్టు వేశాం. పుండు మీద బరువు పడకుండా మెత్తటి చెప్పులు చేయించాం. కోడలు చక్కెర మాత్రలు వేళకు ఇచ్చింది, తోట పనికి పోనివ్వలేదు. పూర్తిగా మానడానికి మూడు నెలల దగ్గర పట్టింది. అందులో జెల్ చేసిన పని కొంత, కోడలు చేసిన పని ఎక్కువ.

చివరి రోజు అవ్వ తన అరికాలిని చేత్తో తడిమి చూసుకొని, "ఇప్పుడు ఎండింది గదా సిస్టరమ్మా?" అంది. "ఎండలేదవ్వా, మానింది" అన్నాను. ఈసారి ఆమె కూడా నవ్వింది.